డెబ్బై గడుల్లో తెలుగు

తెలుగులో ‘స్త్రీ’ ఒకటే అక్షరం. పలక మీద దిద్దించే పంతులుగారు అలాగే లెక్కపెడతారు, ఛందస్సు చెప్పే పండితుడూ అలాగే లెక్కపెడతాడు. ఫోనులో వెళ్ళే ఎస్సెమ్మెస్ మాత్రం దాన్ని ఆరుగా లెక్కపెడుతుంది: స, ఒక పొల్లు, త, ఇంకో పొల్లు, ర, చివర గుడిదీర్ఘం. ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుంటే ఒక సందేశంలో 160 గడులు. తెలుగు లిపిలో రాస్తే 70. డెబ్బై ఒకటో గడిలో కాలు పెట్టామా, రెండో మెసేజికీ డబ్బులు పడినట్టే.

మెసేజిల భాష మీద మన దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా నడుస్తున్న చర్చ కుర్రకారు బద్ధకంతో మొదలై, తెలుగు చచ్చిపోతోందన్న దిగులు దగ్గర ఆగిపోతుంది. పై లెక్కతో మొదలుపెట్టి చూస్తే బద్ధకం వాటా చాలా తక్కువని తేలుతుంది. ధర ఒకటి, మీటల అమరిక ఒకటి, మర్యాద ఒకటి. ఈ మూడింటి మధ్య మనుషులు చేసుకున్న సర్దుబాటే మెసేజి తెలుగు. మూడింటిలో ఏది మారినా భాష ఎంతో కొంత మారుతూ వచ్చింది.

ఆ 160 ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చూద్దాం. 1985 ప్రాంతంలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజినీరు బాన్ నగరంలో తన టైపు మిషన్ ముందు కూర్చుని, మనుషులు మామూలుగా అడిగే ప్రశ్నలూ చెప్పే కబుర్లూ కొట్టి చూశాడు. దాదాపు అన్నీ 160 అక్షరాల లోపే సరిపోయాయి. పోస్టుకార్డులూ టెలెక్స్ సందేశాలూ కూడా అదే సాక్ష్యం ఇచ్చాయి. ఫోను వ్యవస్థలో సందేశానికి దొరికిన చోటు 140 బైట్లు. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చొప్పున అది సరిగ్గా 160కి వచ్చింది. తెలుగు వంటి లిపులకు ఒక్కో గుర్తుకూ పదహారు బిట్లు కావాలి కనుక అదే చోటులో 70 మాత్రమే పట్టాయి. 1992 డిసెంబరు 3న నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజినీరు బ్రిటన్‌లో మొట్టమొదటి ఎస్సెమ్మెస్‌గా క్రిస్మస్ శుభాకాంక్షలు పంపే నాటికే ఈ 140 బైట్ల కొలత ఖాయమైపోయింది. అప్పుడు తెలుగును ఎవరూ వెలివేయలేదు. లెక్క వేసిన గదిలో తెలుగు లేదు, అంతే.

మాటకింత అని డబ్బు కట్టి క్లుప్తంగా రాయడం మనకు అంతకుముందే తెలుసు. టెలిగ్రాముల్లో పండగ శుభాకాంక్షలకూ పెళ్ళి ఆశీస్సులకూ తయారు వాక్యాలుండేవి. వాటి నంబరు రాసిస్తే చాలు, అవతలి పోస్టాఫీసులో వాక్యం మొత్తం అచ్చయ్యేది. ఆ సర్వీసు 2013 జూలైలో ఆగిపోయింది. అప్పటికి పుట్టినరోజు శుభాకాంక్షలు మూడు ఇంగ్లీషు అక్షరాలుగా, శుభరాత్రి రెండు అక్షరాలుగా మారి చాలాకాలమైంది. పొదుపు చేసే బుద్ధి పాతదే.

మన దేశంలో తొలి సెల్‌ఫోను కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్ళింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాల్సి వచ్చేది. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక మన సమాజం ఒక గొప్ప ఉపాయాన్ని కనిపెట్టుకుంది: మిస్డ్ కాల్. ఒక రింగు ఇస్తే చేరానని, రెండు ఇస్తే ఫోను చేయమని. అక్షరం ముక్క లేకుండా పైసా ఖర్చు లేకుండా కబురు అందేది. ఆఫ్రికా దేశాల్లో దీన్ని ‘బీపింగ్’ అంటారనీ, అందులో ఎవరు ఎవరికి రింగివ్వాలన్న కట్టుబాట్లుంటాయనీ, చేతిలో డబ్బున్నవాడే తిరిగి ఫోను చేయాలన్నది వాటిలో ముఖ్యమైనదనీ జొనాథన్ డానర్ 2007లో ఒక పత్రంలో విశదంగా రాశారు. మన ఊళ్ళలోనూ అప్పట్లో అదే ధర్మం. ఊరినుంచి అమ్మ మిస్డ్ కాల్ ఇస్తే పట్నంలో కొడుకు చేయాలి. కూలీ ఇస్తే మేస్త్రీ చేయాలి. అప్పు అడగబోయేవాడు మాత్రం సొంత డబ్బుతో చేయాలి.

ఇక మీటల సంగతి. పాత ఫోనులో ఎనిమిది అంకెల మీటల మీదే ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలూ సర్దారు. ‘ఎస్’ కావాలంటే ఏడో నంబరు మీటను నాలుగుసార్లు నొక్కాలి. ‘సరే’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి మొత్తం పది నొక్కులు. అదే అర్థానికి ‘కె’ అన్న ఒక్క అక్షరం పెడితే రెండు నొక్కులతో పని అయిపోతుంది. బస్సులో కమ్మీ పట్టుకుని ఒంటి చేత్తో మెసేజి కొట్టే మనిషి ఏది ఎంచుకుంటాడో చెప్పనక్కర్లేదు. అలాగే ‘నువ్వు’ అన్నది ఎన్, వి అన్న రెండు హల్లులకు కుదించుకుపోయింది. ‘చెప్పు’లో ఒత్తు రాలిపోయింది. దీర్ఘాలు దాదాపు అంతరించాయి. ‘కళ్ళు’, ‘కాళ్ళు’, ‘కల్లు’ మూడూ ఒకే రకంగా రాయడం మొదలైంది. ఏది నొప్పిగా ఉందో, ఏది తాగాడో సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసిందే. చదివేవాడు తెలుగువాడు కనుక తెలుసుకుంటాడు.

ఇది అడ్డగోలు రాత అనుకోవడం పొరపాటు. దీనికి ఎవరూ నేర్పని వర్ణక్రమం ఒకటి ఉంది. ‘త’కు టి పక్కన హెచ్, ‘ట’కు ఉత్త టి, ‘ద’కు డి పక్కన హెచ్, ‘డ’కు ఉత్త డి. ‘తిన్నావా’ అన్న మాట హెచ్ లేకుండా వస్తే రాసింది ఉత్తరాది స్నేహితుడేమో అనిపిస్తుంది. బళ్ళో చెప్పకపోయినా లక్షలమంది ఒకే దారిలో రాస్తున్నారంటే దాన్ని వ్యవస్థ అనే అనాలి. దీనికి ముందు, 1990ల తొలినాళ్ళలో, అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగువాళ్ళు కంప్యూటర్ల మీద తెలుగు రాసుకోవడానికి పద్ధతిగా ఒక లిప్యంతరీకరణ తయారుచేసుకున్నారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టింది కనుక దాన్ని ఆర్టీయస్ అంటారు. అందులో పెద్దక్షరం పలికేది ఒకటి, చిన్నక్షరం పలికేది ఒకటి. ణ, న తేడా ఉంటుంది. ళ, ల తేడా ఉంటుంది. ఎంతో బుద్ధిగా కట్టిన ఇల్లది. మెసేజి తెలుగు దాని గడప తొక్కలేదు. ఫోను మీద పెద్దక్షరానికి ఇంకో నొక్కు ఖర్చు కదా.

ఈ విషయంలో మనం ఒంటరివాళ్ళం కాదు. అరబ్బు యువత ఇంగ్లీషు అక్షరాల్లో అరబ్బీ రాసేటప్పుడు, దొరకని ధ్వనులకు అంకెలు వాడుకున్నారు; వాళ్ళ ‘ఐన్’ అక్షరానికి 3, గొంతులోంచి పలికే ‘హ’కు 7. గ్రీకులు తమ భాషను లాటిన్ అక్షరాల్లో రాయడం మొదలుపెడితే 2001లో ఏథెన్స్ అకాడమీ సభ్యులు 40 మంది లిపిని కాపాడుకోవాలంటూ ప్రకటన చేశారు. మూడు చోట్లా పాఠం ఒకటే: ఫోను ఏ లిపిని చవగ్గా, తేలిగ్గా ఇస్తే మనుషులు అందులో రాస్తారు.

మన విషయంలో ఇంకో అడ్డంకి కూడా ఉండేది. తెలుగులో రాసినా అవతలి ఫోనులో గళ్ళు, డబ్బాలు కనబడేవి. ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక కూడా ఆ గొడవ పూర్తిగా తీరలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క తెలుగు అక్షరం, మధ్యలో కనబడని ఒక గుర్తుతో కలిసి ఐఫోన్లను కుప్పకూల్చింది. ఆ అక్షరమున్న మెసేజి వస్తే యాప్ తెరుచుకునేది కాదు. ఆపిల్ హడావుడిగా కొత్త వెర్షన్ విడుదల చేసి సరిదిద్దింది. ప్రపంచ పత్రికలన్నీ దాన్ని వింతగా రాశాయి. నాకు మాత్రం కోపం వచ్చింది. కోట్లమంది మాతృభాషలో జ్ఞానానికి మొదటి అక్షరాన్ని సరిగా పరీక్షించకుండానే అంత ఖరీదైన ఫోను బజారులోకి వచ్చిందంటే, తెలుగువాడు తెలుగులో రాస్తాడని వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదన్నమాట. మనం కూడా వాళ్ళకు ఆ లెక్క గట్టిగా చెప్పలేదు.

ధర అలవాట్లను ఎంత సూటిగా శాసించేదో ఎస్సెమ్మెస్ ప్యాకుల రోజుల్లో గడిపినవారికి గుర్తుండే ఉంటుంది. నెలకు కొంత కడితే రోజూ వందల మెసేజిలు. కుర్రవాళ్ళ బొటనవేళ్ళు అప్పుడే రాటుదేలాయి. కానీ సంక్రాంతి, దీపావళి, కొత్త సంవత్సరం వంటి రోజుల్లో ప్యాకు పనిచేసేది కాదు, పూర్తి ధర పడేది. అందుకని భోగి ముందు రోజే సంక్రాంతి శుభాకాంక్షలు వచ్చిపడేవి. ప్రకటనల మెసేజిల బెడద ఆపడానికి 2011 సెప్టెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక్కో సిమ్ముకు రోజుకు 100 మెసేజిలని పరిమితి పెట్టి, గోల పెరగడంతో నవంబరులో దాన్ని 200 చేసింది. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ మీద దాడులు జరుగుతాయని పుకార్లు పాకి, బెంగళూరు మొదలుకొని హైదరాబాదు దాకా ఎందరో రైళ్ళెక్కి వెళ్ళిపోయినప్పుడు, ప్రభుత్వం కొన్నాళ్ళు రోజుకు అయిదు మెసేజిలకు కుదించేసింది. ఇలా ప్రతిసారీ పైనుంచి వచ్చిన ఒక అంకె మన పలకరింపుల తీరును మార్చింది.

మర్యాద మాత్రం పూర్తిగా మన లోపలిది. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. ఇంగ్లీషు మెసేజిల మీద జరిగిన పరిశోధనల్లో పదేపదే చెప్పే ఉదాహరణ ఒకటుంది: 2015లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయంలో సీలియా క్లిన్ బృందం, వాక్యం చివర చుక్క పెట్టిన జవాబు చదివేవాళ్ళకు చిత్తశుద్ధి లేనిదిగా తోస్తుందని చూపింది. అంటే గొంతు లేనిచోట చుక్క గొంతుగా మారింది. తెలుగులో ఆ భారం చుక్క మీద పడలేదు. మనకు మాట చివర అతుక్కునే చిన్న చిన్న ముక్కలున్నాయి, వాటి మీద పడింది. ‘సరే’ అంటే ఒప్పుకోవడం. ‘సరే రా’ అంటే ఒప్పుకోవడంతో పాటు భుజం మీద చెయ్యి. ‘సరేనండి’ అంటే లేచి నిలబడ్డట్టు. ‘సరేలే’ అంటే నొచ్చుకున్నానని. ‘సర్లే’ అంటే నొచ్చుకున్నాను, నీకు తెలియడంలేదని. ‘సరే మరి’ అంటే ఇక కబుర్లు చాలని. ఈ ముక్కల్ని మాత్రం ఎంత పొదుపరీ తెంచలేదు. అచ్చులన్నీ రాల్చేసి ఎముకలగూడులా రాసేవాడు కూడా చివర ‘రా’నో ‘లే’నో ‘అండి’నో నిండుగా రాస్తాడు. ఏది పోతే అర్థం పోతుందో ఆ భాష మాట్లాడేవాళ్ళకు తెలుసు; తెలిసే కత్తిరించారు.

‘నువ్వు’, ‘మీరు’ల దగ్గరా అంతే నేర్పు కనిపిస్తుంది. కొత్తగా పరిచయమైన ఆఫీసు స్నేహితురాలిని ‘తిన్నావా’ అంటే చనువు ఎక్కువ, ‘తిన్నారా’ అంటే దూరం ఎక్కువ. అప్పుడు ‘భోజనం అయ్యిందా’ అని వస్తుంది. అందులో నువ్వూ లేదు, మీరూ లేదు. ‘బయల్దేరడం అయ్యిందా’, ‘ఎక్కడిదాకా వచ్చింది’ ఇవన్నీ ఆ కోవలోవే. ఎదురుగా ఉంటే ముఖం చూసి తేల్చుకునే సంగతిని మెసేజిలో వ్యాకరణంతో దాటవేస్తున్నారు. నాలుగు రోజుల తర్వాత ఒకరు ధైర్యం చేసి ‘నువ్వు’ రాస్తారు, రెండోవారు కూడా ‘నువ్వు’ అని జవాబిస్తే స్నేహం ఖాయం. ‘మీరు’ అని జవాబొస్తే వెనక్కి తగ్గాలి.

కథ చెప్పేటప్పుడు ఊ కొట్టాలన్నది మన ఇళ్ళలో పాత నియమం; ఊ కొట్టకపోతే అమ్మమ్మ కథ ఆపేసేది. మెసేజిల్లో ‘హ్మ్’ పుట్టింది ఆ అవసరంలోంచే. అయితే అమ్మమ్మకు గొంతు వినబడేది, ఊ కొట్టేవాడు నిద్రలోకి జారుతున్నాడో వింటున్నాడో తెలిసేది. ‘హ్మ్’లో అది తెలియదు. అందుకే ఎన్నో జంటల తగాదాలకు అదే మొదలు. బొమ్మల్లో చేతులు జోడించే బొమ్మ మనకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది. 2010లో అది యూనికోడ్‌లోకి వచ్చింది. జపాన్‌వాళ్ళకు వేడుకోలు, కృతజ్ఞత. మనకు నిఖార్సయిన నమస్కారం. ‘గారు’ రాయడానికి తీరిక లేనిచోట ఆ రెండు చేతులూ పెద్దరికాన్ని నిలబెడుతున్నాయి. ఇక నవ్వుకూ, వెక్కిరింపుకూ, నిస్సహాయతకూ బ్రహ్మానందం ముఖం ఉండనే ఉంది. 1993లో ‘మనీ’ సినిమాలో ఆయన వేసిన ఖాన్ దాదాను, అప్పటికి పుట్టని పిల్లలు కూడా స్టిక్కర్లుగా పంపుకుంటున్నారు.

మెసేజి తెలుగు చేసిన ఒక పెద్ద మేలు గురించి భాషాభిమానులు తగినంత మాట్లాడలేదు. గిడుగు రామమూర్తి పంతులు జీవితాంతం పోరాడింది మాట్లాడే భాషను రాయనివ్వమనే. పత్రికలు, పుస్తకాలు ఒప్పుకున్నాయి గానీ, ఒప్పుకున్న వ్యావహారికం చాలావరకు ఒక ప్రాంతపు, ఒక వర్గపు వ్యావహారికం. మెసేజి ఆ తలుపును ఊడబెరికింది. జగిత్యాల కుర్రవాడు ‘ఏం జేస్తున్నవ్’ అనే రాస్తాడు. శ్రీకాకుళం అమ్మాయి ‘ఏటి సేస్తన్నావ్’ అని రాస్తుంది. కడపవాడు ‘ఏం చేస్తాండావ్’ అంటాడు. దిద్దేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళు లేరు. ఇంతమంది తమ ఇంటి తెలుగును ఇంత ధారాళంగా రాసిన కాలం ఇదివరకు లేదు. అది తెలుగు లిపిలో జరిగి ఉంటే ఎంత బావుండేదో అన్న బాధ నాకుంది. అయినా జరిగిన మేలును మేలు అనాల్సిందే.

చదువు చెడిపోతుందా అన్న ప్రశ్నకు ఇంగ్లీషు విషయంలో జవాబు దాదాపు దొరికింది. డేవిడ్ క్రిస్టల్ 2008లో ఈ అంశం మీద ఒక పుస్తకమే రాసి, సంక్షిప్త రూపాలు మెసేజిల్లో చిన్న భాగమేననీ, అవి రాయాలంటే అసలు వర్ణక్రమం తెలిసి ఉండాలనీ వాదించారు. బ్రిటన్‌లో బెవర్లీ ప్లెస్టర్, క్లేర్ వుడ్ పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో కుదింపు రూపాలు బాగా వాడే పిల్లలు చదువులో వెనకబడలేదు సరికదా, కొంత ముందే ఉన్నారు. దీన్ని తెచ్చి మనకు అతికించుకోలేం. ఇంగ్లీషు పిల్లవాడు తన లిపినే కుదిస్తున్నాడు. మన పిల్లవాడు తన లిపిని వదిలేస్తున్నాడు. పిల్లలకు ఒత్తులు రాకపోవడానికి మొదటి కారణం బడిలో తెలుగుకు దొరికే చోటు తగ్గిపోవడమే. అయితే రోజంతా రాసే చోట కూడా లిపి లేకపోతే బడిలో నేర్చిన ఆ కాస్తా చేతికి నిలవదు.

వాట్సాప్ వచ్చి, 2016 సెప్టెంబరులో జియో డేటాను చవక చేశాక గడుల లెక్కలే పోయాయి. ధర పోయింది, మీటలూ పోయాయి. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు లిపి పడే కీబోర్డులు, మాట్లాడితే రాసిపెట్టే సౌకర్యం అన్నీ ఉచితం. అయినా ఇంగ్లీషు అక్షరాల్లో రాసే అలవాటు మిగిలింది. మర్యాదకు సంబంధించిన చిక్కులు మాత్రం వంద రెట్లయ్యాయి. ఇంటిపేరుతో ఒక గ్రూపు, పదో తరగతి బ్యాచికి ఒకటి, అపార్టుమెంటుకు ఒకటి. పొద్దున్నే గులాబీ పువ్వు మీద శుభోదయం. ఈ బొమ్మలతో ఫోన్లు నిండిపోతుంటే చిన్నవాళ్ళు విసుక్కుంటారు. నేను విసుక్కోను. ఒంటరిగా ఉండే పెద్దాయన రోజూ ఆరింటికి పెట్టే పువ్వు ఒకరోజు రాకపోతే గ్రూపులో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. అది హాజరు పట్టీ. అదే గ్రూపులో చావు కబురు వస్తే నలభై ‘ఓం శాంతి’లు వరసగా పడతాయి, వాటిలో ఇంటికి వెళ్ళి కూర్చునేవాళ్ళు ఎందరో ఆ ఇంటివాళ్ళకు తెలుస్తుంది. పెళ్ళి శుభలేఖను గ్రూపులో పెట్టి, దీన్నే ప్రత్యేక ఆహ్వానంగా భావించమంటే చాలామంది పెద్దలు ఇప్పటికీ నొచ్చుకుంటున్నారు. బొట్టు పెట్టి పిలవడానికి గడప దాకా నడవాలి. ఆ నడకే గౌరవం అన్నది వాళ్ళ లెక్క, అది సరైనదే.

2014 నవంబరులో వచ్చిన నీలం టిక్కులు ఇంకో మార్పు తెచ్చాయి. చదివి జవాబివ్వకపోవడం పూర్వం ఉత్తరాల్లో కనబడని విషయం. ఇప్పుడది తిట్టుతో సమానం. ప్రేమికుల సంగతి అటుంచితే, దీని బరువు ఎక్కువగా మోస్తున్నది టీచర్లు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు. రాత్రి పదింటికి గ్రూపులో పైఅధికారి ఆదేశం పడుతుంది, ఎవరు చూశారో తెలుస్తుంది, ‘నోటెడ్ సర్’ అని రాయనివాళ్ళు లెక్కలోకి వస్తారు. పనిగంటలు ఇలా ఇంట్లోకి వచ్చేశాయి. దీన్ని అలవాటు అని సరిపెట్టుకోకూడదు. గ్రూపులో పడిన ఆదేశానికి వేళ ఉండాలి, ఆ వేళను రాతపూర్వకంగా నిర్ణయించాలి.

కొడుకో భర్తో గల్ఫ్‌కు వెళ్ళిన కుటుంబాల్లో మెసేజి అంటే రాత కాదు, గొంతు. వాయిస్ మెసేజి సౌకర్యం 2013లో వచ్చింది. ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, పైగా షిఫ్టుల వేళలు కుదరవు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో, కోనసీమలో, కడపలో చదువురాని తల్లి, భార్య ఫోనును నోటి దగ్గర పెట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడి పంపుతారు; అక్కడ పని దిగాక ఆయన వింటాడు, మళ్ళీ మళ్ళీ వింటాడు. ఇంట్లో పనికి అక్కడికి వెళ్ళిన ఆడవాళ్ళకు పిల్లల గొంతు అలాగే చేరుతోంది. మెసేజి భాష మీద రాసిన వ్యాసాల్లో వీళ్ళకు చోటు దొరకదు, ఎందుకంటే వీళ్ళు ఏదీ కుదించరు, ఏ స్పెల్లింగూ చెడగొట్టరు.

పుకార్ల విషయం చేదుగా ఉన్నా దాటలేం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ ఫార్వర్డులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చెలరేగాయి. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే సమయంలో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరికీ పోలీసుల్ని పంపి, డప్పు కళాకారులతో పాటలు పాడించి ఆ ఫార్వర్డులు అబద్ధమని చెప్పించారు. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి అయిదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి చేసింది. రెండు ఉపాయాలూ అవసరమే. కానీ ఫోనులో వచ్చినదాన్ని జనం ఎందుకు నమ్ముతారో తెలిసింది మాత్రం డప్పు పట్టుకున్నవాళ్ళకే: పంపింది బావమరిదో మేనమామో కనుక నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ఎదుర్కోవాలంటే మరో తెలిసిన ముఖం ఎదురుగా వచ్చి చెప్పాలి.

ఇంత జరిగినా ఈ భాషను ఓపిగ్గా పోగుచేసే పని మన దగ్గర జరగాల్సినంత జరగలేదు. సింగపూర్ నేషనల్ యూనివర్సిటీవాళ్ళు ఇచ్చేవారి అనుమతితో వేల ఎస్సెమ్మెస్‌లు సేకరించి పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన రాత మీద మంచి పని జరిగింది. గూగుల్ 2020లో విడుదల చేసిన దక్షిణాసియా భాషల లిప్యంతరీకరణ సేకరణలో తెలుగు కూడా ఉంది. వాటిలో ఎక్కువ భాగం యంత్రానికి నేర్పడానికి ఉద్దేశించినవి. మనకు కావలసింది మనుషుల మధ్య నడిచిన సంభాషణలు: పేర్లు, నంబర్లు తీసేసి, ఇద్దరి అనుమతీ తీసుకుని, రాసినవారి జిల్లా, వయసు, ఇద్దరికీ ఉన్న వరస పక్కన రాసి పెట్టినవి. వదినకు రాసినప్పుడు ‘అండి’ ఎక్కడ వచ్చింది, తమ్ముడికి రాసినప్పుడు దీర్ఘం ఎక్కడ రాలింది, ఏ జిల్లాలో ‘నువ్వు’ ఎన్ని రకాలుగా కుదించారు అన్నవి అప్పుడే తెలుస్తాయి. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయమో, హైదరాబాదు తెలుగు విశ్వవిద్యాలయమో మొదలుపెట్టవచ్చు. పాత నోకియాలు ఇంకా కొన్ని ఇళ్ళ బీరువాల్లో ఉన్నాయి, ఛార్జింగ్ పెడితే వెలుగుతాయి. వాటిలో 2005 నాటి తెలుగు ఉంది.